ఇంటర్వ్యూకి ముందు మీ పేరు నేను గూగుల్లో కొట్టను

ఉద్యోగాల వేట మొదలుపెట్టినవాళ్లకి అందరూ చెప్పే సలహా ఒకటుంది. ఫేస్‌బుక్ శుభ్రం చేసుకో, ఇన్‌స్టా ప్రైవేట్‌లో పెట్టు, పాత ట్వీట్లు తీసెయ్, లింక్డ్‌ఇన్‌లో కాస్త నవ్వుతున్న ఫొటో పెట్టు, కంపెనీవాళ్లు చూస్తారు. చూస్తారు, నిజమే, నేనూ కాదనను. కానీ ఈ సలహా ఇచ్చేవాళ్లలో ఒక్కరైనా, అసలు వాళ్లెందుకు చూస్తున్నారు, చూసి ఏం తెలుసుకుంటున్నారు, ఆ తెలుసుకున్నది పనికి సంబంధించినదేనా అని అడగ్గా నేను వినలేదు. జాగ్రత్తంతా పోస్టు పెట్టినవాళ్లే పడాలి, తొంగి చూసేవాళ్లకి మాత్రం ఏ బాధ్యతా లేదు. నా గొడవ అక్కడే.

నేను ప్రశ్నలడిగే వైపు కూర్చునే మనిషిని. చాలాకాలంగా ఇంటర్వ్యూ ప్యానెళ్లలో ఉంటున్నాను. సీవీలో రాసింది, మేమిచ్చే చిన్న పరీక్షలో చేసింది, ఎదురుగా కూర్చుని చెప్పింది చూస్తాను. నా నిర్ణయం రాసిచ్చేదాకా అభ్యర్థి పేరు ఎక్కడా వెతకను. మా టీంలో కొందరు దీన్ని చాదస్తం అంటారు, అననివ్వండి.

ఒకసారి ఇంటర్వ్యూ మొదలవ్వడానికి కాస్త ముందు, ప్యానెల్లో నాతో ఉన్న కొలీగ్ తన ల్యాప్‌టాప్ నావైపు తిప్పాడు. అభ్యర్థి పేరు, పక్కనే ఆవిడ పాత కంపెనీ పేరు కొట్టి పెట్టాడు. మొట్టమొదట లింక్డ్‌ఇన్. అందులో ఉన్నదంతా సీవీలో ఉన్నదే, ఫొటో తప్ప. తర్వాత ఫేస్‌బుక్. లాక్ చేసే ఉంది గానీ కవర్ ఫొటో, వేరేవాళ్లు ట్యాగ్ చేసినవి ఒకటి రెండు కనిపిస్తున్నాయి. ఒకదాంట్లో ఆవిడ ఒళ్లో ఏడాది కూడా నిండని పాప. ఇంకోదాంట్లో ఏ మతమో చూడగానే తెలిసిపోతోంది. ఆ కిందనే ఎవరో చుట్టాలు పెట్టిన రాజకీయ పోస్టుకి ఆవిడ పెట్టిన నవ్వు ఎమోజీ. "చిన్న పిల్ల ఉన్నట్టుంది సార్, మనకేమో రాత్రిళ్లు రిలీజులు" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. తనకీ చిన్న పిల్లలే ఉన్నారు. వాళ్లవల్ల తన రాత్రి డ్యూటీలకి ఎప్పుడైనా అడ్డొచ్చిందా అన్న ఆలోచన మాత్రం ఆ క్షణంలో రాలేదు.

ఆ అమ్మాయి లోపలికొచ్చింది, బాగానే చెప్పింది. తర్వాత ఫీడ్‌బ్యాక్ ఫారంలో అతను ఇలా రాశాడు: "టెక్నికల్‌గా ఓకే. కమిట్‌మెంట్ విషయంలో డౌట్." కమిట్‌మెంట్ గురించి మేం ఆవిణ్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఈ డౌట్ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే కాసేపు నసిగి ఆ లైను తీసేశాడు. నేను అడగబట్టి తీశాడు. అడిగే మనిషి లేని గదుల్లో ఆ లైను అలాగే ఉండిపోతుంది, ఆ అమ్మాయికి రెండు రోజుల తర్వాత "మీ ప్రొఫైల్‌ని ఫైల్లో పెట్టుకుంటాం" అని ఒక మెయిల్ వెళ్తుంది, తనేమో ఏ ప్రశ్నకి సరిగ్గా చెప్పలేకపోయానా అని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటుంది.

ఆవిడ పేజీలో తప్పుపట్టదగ్గ పోస్టు ఒక్కటి లేదు. ఆన్‌లైన్ పరువు అనగానే మనకి పార్టీలో గ్లాసు పట్టుకున్న ఫొటోలూ బూతు కామెంట్లూ గుర్తొస్తాయి. నేను చూసినంతలో ఎక్కువ నష్టం చేసేవి అవి కావు, మామూలు బతుకు ఫొటోలే. పెళ్లయిందా, పిల్లలెంతమంది, ఏ మతం, ఆరోగ్యం ఎలా ఉంది, ఎవరికి ఓటేస్తారు లాంటివి ఇంటర్వ్యూలో అడగొద్దని మాకు ట్రైనింగుల్లో పదేపదే చెప్తారు. చాలా దేశాల్లో వీటిలో చాలావాటిని బట్టి ఉద్యోగం నిరాకరిస్తే చట్టం ఒప్పుకోదు. నోరు తెరిచి అడగకూడని ఆ ప్రశ్నలన్నిటికీ సెర్చ్ బాక్సు ఒక్క నిమిషంలో జవాబు చెప్పేస్తుంది, పైగా అడిగినట్టు ఎక్కడా రికార్డు కూడా ఉండదు.

ఇది నా ఒక్కడి అనుభవమేనా అంటే కాదు. 2018లో కెరీర్‌బిల్డర్ అనే ఉద్యోగాల సైటు కోసం హారిస్ పోల్ అనే సర్వే సంస్థ అమెరికాలో ఒక సర్వే చేసింది. అభ్యర్థుల సోషల్ మీడియా చూస్తామని 70 శాతం కంపెనీలు చెప్పాయి. అలా చూసేవాటిలో 57 శాతం, అక్కడ కనిపించినదాన్ని బట్టి కొందరిని వద్దనుకున్నామని ఒప్పుకున్నాయి. వద్దనుకోవడానికి వాళ్లు చెప్పిన కారణాల్లో జాతి వివక్ష కామెంట్లు, అర్హతల గురించి అబద్ధాలు లాంటివి ఉన్నాయి, అవి సరే. మరీ తరచుగా పోస్టులు పెడుతున్నారన్నది కూడా ఆ జాబితాలో ఉంది! సెలవురోజు కూర్చుని పది ఫొటోలు పెడితే సోమవారం పని చెయ్యలేరని ఎలా తేలిందో వాళ్లకే తెలియాలి.

అలా తేలదని చెప్పే పరిశోధన ఒకటుంది. 2016లో జర్నల్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో అచ్చయింది. ఉద్యోగాలకి ప్రయత్నిస్తున్న కాలేజీ విద్యార్థుల ఫేస్‌బుక్ పేజీలని రిక్రూటర్లకి చూపించి మార్కులు వేయమన్నారు. ఆ విద్యార్థులు ఉద్యోగాల్లో చేరాక వాళ్ల సూపర్‌వైజర్లు ఇచ్చిన రేటింగులు తీసుకుని పక్కపక్కన పెట్టి చూశారు. రెండిటికీ పొంతనే లేదు. మంచి మార్కులొచ్చినవాళ్లు బాగా పనిచేసిందీ లేదు, తక్కువొచ్చినవాళ్లు త్వరగా మానేసిందీ లేదు. ఒక్కటి మాత్రం కనిపించింది, ఆ మార్కులు ఆడవాళ్ల వైపూ తెల్లవాళ్ల వైపూ మొగ్గాయి. అంటే పేజీ చూసి రిక్రూటర్ కనిపెట్టగలిగింది పనితనాన్ని కాదు.

కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన అక్విస్టీ, ఫాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో పద్ధతిలో వెళ్లారు. అమెరికాలో 4,000కి పైగా ఉద్యోగాలకి కల్పిత అభ్యర్థుల పేరుతో సీవీలు పంపారు. సీవీలో తేడా ఏమీ లేదు. సోషల్ మీడియా ప్రొఫైల్లో మాత్రం ఒకరు ముస్లిం, ఒకరు క్రైస్తవుడు, అలా. పేరు వెతికి చూస్తే తప్ప ఆ సంగతి తెలిసే దారి లేదు. దేశం మొత్తం మీద లెక్కేస్తే పెద్ద తేడా రాలేదు గానీ, రిపబ్లికన్ పార్టీకి పట్టున్న ప్రాంతాల్లో ముస్లిం అభ్యర్థికి పిలుపులు స్పష్టంగా తగ్గాయి. నిజానికి పేరు వెతికిన కంపెనీలు ఎంత ఎక్కువ లెక్కేసినా మూడోవంతుకి మించవని వాళ్ల అంచనా. ఆ కొద్దిమంది వెతికినందుకే ఇంత తేడా వచ్చింది.

అలాగని ఆన్‌లైన్లో ఎవరేం రాసినా కళ్లు మూసుకోవాలని నేననడం లేదు. ఆడవాళ్లని బెదిరిస్తూ మెసేజ్‌లు పెట్టే మనిషిని పదిమంది ఆడవాళ్లుండే టీంలోకి తీసుకుంటే రేపు ఏం జరిగినా ఆ పాపం నాదీ అవుతుంది. కస్టమర్ల వివరాలున్న స్క్రీన్‌షాట్ గొప్పగా షేర్ చేసినవాడికి ఇంకో కస్టమర్ డేటా అప్పగించడమూ కుదరదు. అవి పనికి నేరుగా తగిలే విషయాలు. అన్నీ అలాంటివి కావు. సిస్కో అనే టెక్ కంపెనీలో ఉద్యోగం ఆఫర్ వచ్చిందన్న ఆనందంలో, జీతం బాగుంది గానీ రోజూ అంత దూరం వెళ్లాలి, పనీ నచ్చదు అని 2009లో ఒకావిడ ట్వీట్ చేసింది. ఆ కంపెనీ ఉద్యోగి ఒకాయన చూసి, మిమ్మల్ని తీసుకుంటున్న మేనేజర్ ఎవరో చెప్తారా, ఆయనకీ తెలియాలిగా అని బదులిచ్చాడు. సిస్కో పేరుతో ఆ సంగతి ప్రపంచమంతా తిరిగింది, ఇప్పటికీ కెరీర్ క్లాసుల్లో హెచ్చరికగా చెప్తున్నారు. నిజం చెప్పండి, ఆఫర్ లెటర్ చేతికొచ్చిన రాత్రి స్నేహితులతో ఇదే మాట అననివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆవిడ అందరూ వినే చోట అంది, అంతే తేడా. అది తెలివితక్కువతనం అయితే అవ్వొచ్చు. దాన్నీ బెదిరింపు మెసేజ్‌నీ ఒకే గాటన కట్టేయడమే ఇప్పుడు జరుగుతున్న అన్యాయం.

పాత రాతల సంగతి ఇంకా చిక్కు. క్రికెట్ చూసేవాళ్లకి ఒలీ రాబిన్సన్ గుర్తుండే ఉంటాడు. 2021 జూన్ 2న లార్డ్స్‌లో న్యూజిలాండ్ మీద మొదటి టెస్టు ఆడుతున్నాడు. ఇంగ్లండ్ టోపీ పెట్టుకున్న మొదటి రోజే, 2012, 2013 ప్రాంతంలో అతను రాసిన జాతి వివక్ష ట్వీట్లు, ఆడవాళ్లని కించపరిచే ట్వీట్లు ఎవరో బయటికి లాగారు. అతను మైదానంలో బౌలింగ్ చేస్తుంటే బయట ఆ ట్వీట్లు ఊరేగుతున్నాయి. ఆ సాయంత్రమే కెమెరా ముందుకొచ్చి క్షమాపణ చెప్పాడు. ఆ మ్యాచ్‌లో 7 వికెట్లు తీశాడు, 42 పరుగులు కొట్టాడు, అయినా తర్వాతి టెస్టుకి జట్టులోంచి తప్పించి సస్పెండ్ చేశారు. తర్వాత విచారణ జరిగింది. 8 మ్యాచ్‌ల నిషేధం వేసి, అందులో 5 మ్యాచ్‌లది రెండేళ్లపాటు పక్కన పెట్టి ఉంచారు, మిగిలిన 3 అప్పటికే అయిపోయాయన్నారు. 3,200 పౌండ్ల జరిమానా. ఆగస్టులో ట్రెంట్ బ్రిడ్జ్‌లో మన జట్టు మీదే మళ్లీ బంతి పట్టుకుని ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు.

ఆ శిక్ష ఎక్కువా తక్కువా అన్నదాని మీద అప్పట్లో బోలెడు వాదనలు జరిగాయి. నాకు ఆసక్తి అందులో లేదు. అతనికి ఏ రాత గురించి పట్టుకున్నారో తెలుసు. ఎవరు విచారిస్తున్నారో తెలుసు. జవాబు చెప్పుకునే చోటు దొరికింది, శిక్షకి ఒక కొలత ఉంది, అది అయిపోయే రోజు ఉంది. మామూలు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న ఇరవై మూడేళ్ల కుర్రాడికి వీటిలో ఒక్కటీ ఉండదు. ఇంటర్ చదివేటప్పుడు ఏ హీరో అభిమానుల గొడవలోనో వాగిన చెత్త వాగుడు ఒక కంపెనీలో ఎవరికో కనిపిస్తుంది, ఇంకో కంపెనీలో ఇంకెవరికో కనిపిస్తుంది, ప్రతి చోటా తలుపు మూసుకుంటుంది. ఏ కోర్టూ వెయ్యని శిక్ష అది, ఎప్పటికి తీరుతుందో కూడా తెలియదు.

అసలు ఆ వాగుడు వాగింది అతనేనా? పేరు మామూలుదైతే ఒకే పేరుతో వందలమంది తేలతారు. ఒక సాయికిరణ్ చీటింగ్ కేసులో ఇరుక్కుంటే మిగతా సాయికిరణ్‌లందరి సెర్చ్ రిజల్ట్స్‌లోనూ ఆ వార్త తగులుతుంది. ఫొటో లేదు, ఊరు రాయలేదు, వయసు దగ్గరగా ఉంది, ఇంకేం కావాలి, పది నిమిషాల్లో ముగ్గురిని వడపోయాల్సిన మనిషికి అంత ఓపిక ఎక్కడుంటుంది. ఇక ఎవరి మీదో కోపంతో వాళ్ల పేరుతో దొంగ అకౌంట్లు తెరిచేవాళ్లు, మార్ఫింగ్ ఫొటోలు పెట్టేవాళ్లు ఉండనే ఉన్నారు. ఆ రోత భరించినవాళ్లు మళ్లీ ఉద్యోగం దగ్గర కూడా దానికే వెల కట్టాల్సి రావడం నాకు చాలా దారుణంగా అనిపిస్తుంది.

స్పెయిన్‌లో ఒకాయన దీని మీదే కోర్టుకెక్కాడు. సోషల్ సెక్యూరిటీ బాకీ కింద ఆయన ఆస్తి వేలం వేస్తున్నట్టు 1998లో ఒక దినపత్రికలో ప్రకటన వచ్చింది. ఆ బాకీ వ్యవహారం ఎప్పుడో తీరిపోయింది. పత్రిక పాత సంచికలు ఇంటర్నెట్లోకి ఎక్కించాక ఆయన పేరు కొట్టినప్పుడల్లా ఆ వేలం ప్రకటనే కనిపించేది. 2014 మే 13న యూరోపియన్ యూనియన్ కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. పత్రిక ఆ పేజీని చెరిపేయనక్కర్లేదు, ఆ మనిషి పేరుతో వెతికితే మాత్రం గూగుల్ దాన్ని చూపించకుండా ఆపాలి అని. జరిగింది జరగలేదని కోర్టు అనలేదు. ఒక మనిషి పేరు కొట్టగానే ఏది ముందుకు రావాలన్నది వేరే ప్రశ్న అని గుర్తించింది, అంతే. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా చట్టం జీడీపీఆర్‌లో 17వ ఆర్టికల్‌గా ఈ చెరిపించుకునే హక్కు ఉంది. అయితే లింకు తీయించుకోవచ్చు గానీ, స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నవాడి ఫోన్లోంచి ఏ కోర్టూ తీయించలేదు.

ఇదంతా చదివి అయితే ఏకంగా అకౌంట్లన్నీ మూసేస్తే సరిపోతుందిగా అనుకుంటున్నారేమో. ఇందాకటి కెరీర్‌బిల్డర్ సర్వేలోనే 47 శాతం కంపెనీలు, ఆన్‌లైన్లో అసలు కనిపించని అభ్యర్థిని ఇంటర్వ్యూకి పిలవడానికి వెనకాడతామన్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆన్‌లైన్లో కనిపించనివాళ్లు ఎవరో ఒకసారి ఆలోచించండి. వెంటపడి వేధించేవాడి నుంచి తప్పించుకుంటున్న అమ్మాయి ఉండొచ్చు. రహస్యంగా ఉంచాల్సిన పనులు చేసి వచ్చినవాళ్లు ఉండొచ్చు. ఊరికే ఈ గోల నచ్చనివాళ్లూ ఉంటారు, వాళ్లే ఎక్కువమంది అని నా అనుమానం. ఏదో దాస్తున్నారని అనుకోవడానికి అందులో ఏముంది?

అందుకే ఇప్పుడు కొత్త తంతు మొదలైంది. కనిపించాలి గానీ నిజంగా కనిపించకూడదు. లింక్డ్‌ఇన్ ఒకసారి తెరిచి చూడండి. ప్రమోషన్ వచ్చినవాడూ, ఉద్యోగం ఊడినవాడూ ఒకే గొంతుతో "ఎంతో నేర్చుకున్నాను, అందరికీ కృతజ్ఞతలు" అంటుంటారు. మేనేజర్ నరకం చూపించాడని ఫోన్లో గంటసేపు ఏడ్చిన మనిషి మర్నాడు అదే మేనేజర్‌ని ట్యాగ్ చేసి "మీ గైడెన్స్ మర్చిపోలేను" అని రాయడం నాకు తెలుసు, తప్పుపట్టను కూడా, రేపు రిఫరెన్స్ కోసం ఫోన్ వెళ్లేది ఆ మేనేజర్‌కే. కాకపోతే రిక్రూటర్ చూస్తాడని రాసినదాన్ని రిక్రూటర్ చదివి, ఈ మనిషి స్వభావం తెలిసింది అనుకోవడం చూస్తే నవ్వొస్తుంది. దానికంటే నిజాయితీగా ఉండేవి, వాళ్లు చేసిన పని కనిపించే చోట్లు. రాసిన కోడ్, గీసిన బొమ్మలు, ఎవరో అడిగిన సందేహానికి ఓపిగ్గా ఇచ్చిన జవాబు. అభ్యర్థి తనంతట తనే ఆ లింకులు సీవీలో పెడితే నేను తప్పకుండా తెరిచి చూస్తాను, అది నాకు చూపించడానికి పెట్టింది కాబట్టి.

ఇంతా మాట్లాడి, ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకి ఏమీ చెప్పకపోతే బాగోదు. లోకం ఎలా ఉండాలో తేలేలోపు ఇంటి అద్దె కట్టాలి కదా. మీ లాగిన్లు లెక్కలోకి రాని ఇన్‌కాగ్నిటో విండోలో మీ పేరు కొట్టి చూసుకోండి, పేరు పక్కన కాలేజీ పేరు, పాత కంపెనీ పేరు, మీ మెయిల్ ఐడీ కూడా పెట్టి వెతకండి. ఇమేజెస్ ట్యాబ్ మర్చిపోకండి, చాలామంది అక్కడే పట్టుబడతారు. మిమ్మల్ని వేరేవాళ్లు ట్యాగ్ చేసినవి మీ సెట్టింగుల్లోంచే తీసేసుకోవచ్చు. మీ పేరున్న వేరే మనిషి గొడవల్లో ఉన్నవాడైతే సీవీలో మీ లింక్డ్‌ఇన్ లింకు స్పష్టంగా ఇచ్చేయండి, కనీసం వెతికేవాడు పొరబడే అవకాశం తగ్గుతుంది. పాతది ఏదైనా నిజంగా సిగ్గుపడాల్సింది ఉంటే తీసేయండి, ఎవరైనా అడిగితే మాత్రం నేను రాయలేదని బొంకకండి. అప్పుడు అలా రాశాను, ఇప్పుడు అలా అనుకోవడం లేదు అని చెప్పినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది తప్ప తగ్గలేదు. ఇంకొకటి, ఎవరైనా ఇంటర్వ్యూలో మీ అకౌంట్ తెరిచి చూపించమని అడిగితే, కుదరదని మర్యాదగా చెప్పండి. అమెరికాలో బోజ్‌మన్ అనే ఊరి మునిసిపాలిటీ ఉద్యోగాలకి దరఖాస్తు చేసుకున్నవాళ్లని ఏకంగా పాస్‌వర్డ్‌లే అడిగేది. 2009లో విషయం బయటపడి గోలయ్యాక మానుకుంది. 2012లో మేరీల్యాండ్ రాష్ట్రం అలా అడగడాన్నే చట్టంతో నిషేధించింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి.

మిగతా భారమంతా మా వైపువాళ్ల మీదే పెట్టాలంటాను. అమెరికాలో 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం, బయటి ఏజెన్సీ తయారుచేసిన బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టుని బట్టి ఉద్యోగం ఇవ్వకూడదనుకుంటే, ఆ నిర్ణయం ఖాయం చేసేముందే రిపోర్టు కాపీ అభ్యర్థికి ఇవ్వాలి. తప్పుంటే తప్పని చెప్పుకునే వీలు ఉంటుంది. అదే పని హెచ్‌ఆర్‌లో కూర్చున్న మనిషి సొంతంగా ఫోన్లో చేసుకుంటే ఆ చట్టం వర్తించదు. మా ఆఫీసులో నేను అడుగుతున్నది ఆ ఖాళీని మనంతట మనం పూడ్చుకుందామనే. వెతకడం తప్పనిసరైతే ఇంటర్వ్యూ మార్కులు వేశాకే వెతకాలి. మార్కులు వేసిన మనిషి వెతకకూడదు, వేరేవాళ్లు వెతికి పనికి సంబంధించినది ఏదైనా ఉంటే అది మాత్రమే రాసివ్వాలి, పాప ఫొటో గురించి ప్యానెల్‌కి తెలియనే కూడదు. ఏదైనా కనిపించి దానివల్ల ఆగిపోతే, ఫలానాది చూశాం, మీరేమంటారు అని అభ్యర్థిని అడగాలి.

మా హెచ్‌ఆర్ అమ్మాయి మొదట భయపడింది. "సార్, రేపు క్లయింట్ ఏదో పాత పోస్టు పట్టుకొచ్చి ఇలాంటి మనిషిని ఎలా తీసుకున్నారని అడిగితే ఏం చెప్పాలి?" అంది. ఏం పరీక్ష పెట్టామో, ఎన్ని మార్కులొచ్చాయో, ఎవరు సంతకం పెట్టారో ఫారం తీసి చూపిద్దాం, సంతకం నాదే కదమ్మా అన్నాను. తనే ఇప్పుడు ఈ పద్ధతంతా ఒక పేజీలో రాసి పైకి పంపింది. అది ప్రస్తుతం లీగల్‌వాళ్ల దగ్గరుంది. ఎందుకు ఆపామో అభ్యర్థికి చెప్తే వాళ్లు వాదనకి దిగుతారు కదా అని అక్కడి నుంచి ప్రశ్న వచ్చింది. దిగాలనే కదా చెప్పమంటున్నది అని జవాబు రాసి పంపాను. ఇంకా తిరుగు మెయిల్ రాలేదు.